తెలుగు కతోలిక పరిభాష: పుట్టుక, ప్రయాణము

కృష్ణా, గుంటూరు మండలములలో ఒకే గ్రామమున రెండు క్రైస్తవాలయములుండుట సామాన్యము. ఒకదానియందు మతమున చేరువారికి ‘బాప్తిస్మము’ నిత్తురు. రెండవదానియందు ‘జ్ఞానస్నానము’ చేయింతురు. ఒకచోట విశ్వాసులు ‘ప్రభువు బల్ల’ను సమీపింతురు, రెండవచోట ‘దివ్యసత్ప్రసాదము’ను స్వీకరింతురు. మొదటివారు ‘సంఘము’ అను దానిని రెండవవారు ‘శ్రీసభ’ యందురు. వారి ‘కృప’ వీరికి ‘వరప్రసాదము’. వారి ‘పాస్టరు’ వీరికి ‘గురువు’. ఇరువురును తెలుగువారే, ఇరువురును క్రీస్తును కొలుచువారే. అయినను మతవిషయమున ఇరువురి మాటలును కలియవు.

ఈ భేదమునకు కారణము దూరమున లేదు. ప్రొటెస్టెంటుల పరిభాష చాలవరకు బైబిలు అనువాదముతో పెరిగినది. మూలగ్రంథమున నున్న గ్రీకు మాటకు తెలుగున సమానార్థకమును వెదకుట, దొరకనిచో గ్రీకు మాటనే తెలుగు చేయుట దాని పద్ధతి. కతోలికుల పరిభాష అంతకు రెండు శతాబ్దులకు పూర్వము ఆరంభమైనది. దానికి మూలము గ్రంథానువాదము గాక ఉపదేశము, వాదప్రతివాదములు, జపములు. అది తెలుగునాట పుట్టలేదు కూడ. మధుర నాయకరాజుల నగరమున తమిళమందు రూపుదాల్చి, ఆ పిమ్మట తెలుగుసీమకు నడచివచ్చినది. ఈ ప్రయాణచిహ్నములు ఆ పదములయందు నేటికిని కానవచ్చుచున్నవి. కతోలిక మతము నమ్మునదేమి యన్న ప్రశ్నకు ఆ మతసభల తీర్మానములయందు వలెనే ఈ తెలుగు పదములయందును సమాధానమున్నది. కాని యొక్కొక్క పదము తన సిద్ధాంతమునకు ఎంతవరకు అండగా నిలిచినది, ఎంతవరకు అడ్డు వచ్చినది యను విషయమును మన భాషాచరిత్రకారులు పట్టించుకొనలేదు. ఈ వ్యాసమున చర్చింపదలచిన దదియే.

మధురకు ముందున్న స్థితిని కొంత చెప్పవలయును. 16వ శతాబ్దిలో తూర్పుతీరపు పరవలకు మతబోధ చేసిన హెన్రీక్ హెన్రీక్స్ (1520–1600) అను పోర్చుగీసు జెస్విటు తమిళమును శ్రద్ధగా నేర్చినవాడు. ఆయన ‘తంబిరాన్ వణక్కం’ 1578లో కొల్లమున అచ్చైనది. భారతభూమిపై భారతీయ లిపిలో అచ్చై మనకు దక్కిన తొలి పుస్తక మదియే. అయినను సిద్ధాంతమునకు కీలకమైన చోట్ల హెన్రీక్స్ ‘మిస్సా’, ‘గ్రాసా’ వంటి పోర్చుగీసు మాటలనే తమిళాక్షరములలో వ్రాసెను. ఇది భాషాజ్ఞానము చాలక చేసిన పని కాదు. భయపడి చేసిన పని. ఆ భయమునకు ఆధారము లేకపోలేదు. ఫ్రాన్సిస్ జేవియరు 1549లో జపానునకు పోయి, దుబాసీ మాట నమ్మి, దేవునికి ‘దైనిచి’ యను స్థానికనామమును వాడెను. అది బౌద్ధుల వైరోచన బుద్ధుని పేరని 1551లో తెలియవచ్చినది. తాను ఇంతకాలము బోధించినది బౌద్ధమేనని వినువారు తలచిరని గ్రహించి, జేవియరు ఆ పదమును విడిచి ‘దేయుస్’ అను లాటిను మాటనే ఆశ్రయించెను. స్థానికపదము వెంట స్థానికార్థము కూడ వచ్చును. పరాయి పదమునకు ఆ దోషము లేదు. అర్థమే లేదు గనుక.

కాని పరాయి పదమున వేరొక దోషమున్నది. ఆ కాలమున ‘ఫిరంగి’ యనగా పోర్చుగీసువాడు. గోమాంసము తినువాడు, మద్యము త్రావువాడు, స్నానశౌచముల నెరుగనివాడు అని లోకుల తలపు. పోర్చుగీసు మాటలతో బోధింపబడిన మతము ఫిరంగి కులముగా కనబడెను. దానియందు చేరుట యనగా కులము చెడుట యని యర్థమయ్యెను. 1606లో మధురకు వచ్చిన రాబర్టు డి నోబిలి (1577–1656) మొట్టమొదట ఎదుర్కొన్న చిక్కు ఇదియే.

నోబిలి ఇటలీ దేశపు కులీనుడు. కాషాయము ధరించి, మాంసమద్యములు వర్జించి, సన్యాసివలె జీవించి తమిళ సంస్కృతములను నేర్చెను. మధుర నాయకులు తెలుగువారు గనుక రాచనగరులో ‘వడుగు’ భాష, అనగా మన తెలుగు, గౌరవభాష. నోబిలి దానిని కూడ నేర్చినట్లు ఆయన చరిత్రకారులందరును అంగీకరించుచున్నారు. ఆయన చేతిలో ‘మిస్సా’ పూజ యైనది. ‘గ్రాసా’ ప్రసాద మైనది. పాదిరి గురువైనాడు. బాప్తిస్మము జ్ఞానస్నాన మైనది. దేవుడు సర్వేశ్వరుడు; మతము సత్యవేదము. పోర్చుగీసు మాటలనుండి సంస్కృతమునకు జరిగిన ఈ మార్పును ఆయన సహచరులలో కొందరు ఘోరాపరాధముగా భావించిరి. 1619లో గోవాయందు జరిగిన సభలో వాదములు జరిగినవి. 1623 జనవరి 31న 15వ గ్రెగొరి పాపు యజ్ఞోపవీతము, శిఖ, గంధము, స్నానములను షరతులతో అనుమతించెను.

నోబిలి సమాధానమున ఒక చారిత్రకాంశమున్నది. శ్రీసభ తన తొలి శతాబ్దులలో రోమను, గ్రీకు సమాజముల ఆచారములను, మాటలను శుద్ధిచేసి కైకొనినదని ఆయన వాదము. ఇది నిజము. ‘ఎక్లేసియా’ యనునది ఏథెన్సు పౌరుల సభకు పేరు. ‘సాక్రమెంతుమ్’ అనునది లాటినున సైనికుని ప్రమాణము. ఆ మాటలు దేవుని వెంట పుట్టినవి కావు. కావున తమిళ, తెలుగు కతోలికులు ‘సభ’ యనుట గ్రీకు మూలమునకు అతిసన్నిహితమైన మాట వాడుటయే.

తెలుగుసీమకు ఈ పరిభాష వచ్చినది 18వ శతాబ్ది తొలి యేండ్లలో. పుదుచ్చేరినుండి ఫ్రెంచి జెస్విటులు కర్ణాటక మిషను పేర ఉత్తరమునకు సాగి పుంగనూరు, కృష్ణాపురము, మదిగుబ్బ మున్నగు తావుల స్థిరపడిరి. వీరిలో భాషాకోవిదులు తక్కువవారు కారు. ల లాన్ తెలుగు వ్యాకరణమును, నిఘంటువును కూర్చెను. కల్మెట్ వేదముల ప్రతులను సంపాదించి పారిసు నగరమునకు పంపెను. కూర్దూ తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువును కూర్చినవాడు. 1767లో ఫ్రాన్సు పండితపరిషత్తునకు వ్రాసిన లేఖలో సంస్కృతమునకు గ్రీకు, లాటినులతో గల చుట్టరికమును, విలియం జోన్సుకు దాదాపు ఇరువదియేండ్లు ముందుగా, చూపినవాడు.

ఇంతటి విద్వాంసులు పనిచేసియు తెలుగు కతోలిక పరిభాష వారి నిఘంటువులలోనుండి పుట్టలేదని నా నిశ్చయము. పదముల రూపములే ఇందుకు సాక్షులు. తెలుగు కతోలికులు నేటికిని ‘తిరుహృదయము’, ‘తిరుసభ’, ‘తిరుకుటుంబము’ అందురు. తమిళపు ‘తిరు’ శబ్దము మన శ్రీవైష్ణవులు తెచ్చిన చోట్ల దక్క తెలుగున సామాన్యముగా కానరాదు. తెలుగు పండితుడు కూర్చుండి పదనిర్మాణము చేసినచో ‘శ్రీ’ యనును. అనెను కూడ, అందువలననే ‘శ్రీసభ’ పుట్టినది. రెండును పక్కపక్కనే నేటికిని వాడుకలోనున్నవి. బిషపునకు ‘మేత్రాణులు’ అను పేరున్నది. ఇది సిరియా భాషలోని ‘మిత్రాన్’, మలయాళమున ‘మెత్రాన్’ అయి, తమిళము మీదుగా తెలుగునకు చేరినది. ఆయన అధికారసీమకు ‘మేత్రాసనము’ అని పేరు రాగా తెలుగువాడు దానిలో ‘ఆసనము’ను చూచి తృప్తిపడినాడు. ‘సిలువ’ వచ్చిన దారియు ఇదియే. దాని పుట్టిల్లు సిరియా భాష. మహాపాపమునకు ‘చావైన పాపము’ అను పేరు మరియు స్పష్టము. తెలుగువాడు స్వతంత్రముగా మాట కల్పించినచో ‘చావైన’ యనడు. ఇది తమిళపు ‘సావాన పావం’ మాటకు మాట. తమిళ జపములు నేర్చిన ఉపదేశులు తెలుగు గ్రామములకు వచ్చి నోటితో తెనిగించిరి. పండితులు తరువాత సంస్కరించిరి. పరిభాష పుట్టినది ఉపదేశి నోట.

‘ఉత్తరించు స్థలము’ అను పదము ఈ విషయమున మిక్కిలి ఉపదేశకరము. కతోలిక విశ్వాసము ప్రకారము దేవుని స్నేహమున మరణించియు పూర్ణశుద్ధి పొందని ఆత్మలు మోక్షప్రవేశమునకు ముందు శుద్ధి పొందును. 1439లో ఫ్లోరెన్సు సభ, 1563లో త్రెంతు సభ ఈ సిద్ధాంతమును స్థిరపరచినవి. ప్రొటెస్టెంటులు దీనిని నిరాకరింతురు గనుక వారి తెలుగున దీనికి మాట యక్కర లేకపోయినది. తమిళ క్రైస్తవుల వాడుకలో ‘ఉత్తరిక్క’ యనగా బాకీ తీర్చుకొన్నట్లు శ్రమపడి పాపశేషమును పోగొట్టుకొనుట. తెలుగున ‘ఉత్తరించు’ నకు ప్రసిద్ధార్థము వేరు. మన కావ్యములలో వీరులు శత్రువుల కుత్తుక లుత్తరింతురు. దాటుట యను అర్థమును గ్రహించిన నొకవిధముగ అన్వయము కుదురును గాని ఆ యర్థము వ్యవహారమున లేదు. గుంటూరు మండలపు పల్లెలో చదువురాని యొక వృద్ధురాలిని ఈ మాటకర్థమేమని అడిగితిని. “అప్పు తీర్చుకొనే చోటు, నాయనా” అని ఆమె వెంటనే చెప్పినది. తెలుగు నిఘంటువునకు తెలియని తమిళార్థము ఆమెకు తెలిసియున్నది. పదమునకు అర్థమిచ్చినది వ్యుత్పత్తి కాదు, కంఠస్థము చేసిన ప్రశ్నోత్తరములు.

ఇచటనే మరియొక విశేషము. మన పురాణములలోని నరకము సామాన్యముగా శాశ్వతము కాదు. పాపి తన పాపమునకు తగినంత కాలమచట యాతనపడి బయటపడును. మధ్వమతమున నిత్యనరకము చెప్పబడినది గాని అది యపవాదము. కతోలికుల నరకము శాశ్వతము. అందుండి విడుదల లేదు. కావున పురాణశ్రవణముచే పెరిగిన తెలుగువాడు ‘నరకము’ అని వినినప్పుడు అతని మనసున మెదలునది వస్తుతః కతోలికుల ఉత్తరించు స్థలమునకే దగ్గర. రెండు స్థానములలో ఒకదానికి బాగుగ తెలిసిన పేరిడి, అర్థము మార్చిరి. రెండవదానికి తెలిసిన అర్థమే యున్నను తెలియని పేరిడిరి. దీనిని లోపమని నేననను. శాశ్వతదండనను వర్ణించుటకు మన భాషలో అంతకంటె భయంకరమైన మాట వారికి దొరకలేదు.

పాపపదములయందును ఇట్టి చిక్కే యున్నది. ఆదామునుండి మానవజాతికి సంక్రమించిన దోషమునకు ‘జన్మపాపము’ అనియు, మనుష్యుడు స్వయముగా చేయు పాపమునకు ‘కర్మపాపము’ అనియు పేర్లు. వినుటకు ఎంత సహజముగానున్నవో అంత ప్రమాదకరములు. పునర్జన్మను నిరాకరించు మతము జన్మ, కర్మ యను రెండు మాటలతోడనే పాపస్వరూపమును బోధింపవలసివచ్చినది. ‘జన్మపాపము’ అనగానే పూర్వజన్మపాపమని తలచుట తెలుగువానికి సహజము. నోబిలి పునర్జన్మ ఖండనమున కంతటి శ్రమపడుటకు హేతువులలో నిదియు నొకటి కావచ్చును.

‘సర్వేశ్వరుడు’ అను నామమును పరిశీలింతము. తమిళమున దాని సంగతి ఎట్లున్నను, తెలుగున అది శైవుల సొత్తు. 13వ శతాబ్దిలో యథావాక్కుల అన్నమయ్య సర్వేశ్వర శతకమును వ్రాసియుండెను. కాని ఆ పదమున ఏ పురాణకథయు ఇమిడియుండలేదు; భార్యాపుత్రులను, వాహనమును, ఆయుధమును స్ఫురింపజేయదు. సర్వమునకు ఈశ్వరుడను వ్యుత్పత్త్యర్థము తేటగ నిలుచుచున్నది. శివుడు, విష్ణువు అను పేర్లకు లేని ఈ గుణముచేత అది వారికి పనికివచ్చినది. త్రిత్వసిద్ధాంతమునకు చేతికందుబాటులోనున్న ‘త్రిమూర్తి’ పదమును మాత్రము వారు స్వీకరింపలేదు. సృష్టిస్థితిలయములను పంచుకొను ముగ్గురు వేరు, ఒకే స్వభావముగల పితపుత్రపవిత్రాత్మలు వేరు. అవతారపదమును విడువలేకపోయిరి. ‘మనుష్యావతారము’ అని విశేషణము చేర్చి వాడిరి. క్రీస్తు ఏకవ్యక్తి, ఆయనయందు దైవస్వభావము, మనుష్యస్వభావము రెండును సంపూర్ణములు అని 451లో ఖాల్సెదోను సభ తీర్మానము. మన అవతారములు పలుమారులు కలుగును, కార్యము తీరగనే ముగియును. క్రీస్తు మనుష్యత్వము ఒక్కసారియే కలిగినది, ఎన్నటికిని ముగియదు. ఒక్క విశేషణము ఇంత భారమును మోయగలదా యన్న సందేహము నాకున్నది.

ఏడు సంస్కారములకు పాత తెలుగున ‘దేవద్రవ్యానుమానములు’ అని పేరు. జ్ఞానస్నానము, భద్రమైన అభ్యంగనము, దివ్యసత్ప్రసాదము, పాపసంకీర్తనము, అవస్థాభ్యంగనము, గురుపట్టము, జ్ఞానవివాహము అనునవి యా యేడు. 1547లో త్రెంతు సభ ఇవి యేడే యని నిర్ణయించినది. కంటికి కనబడు గురుతు మూలమున కనబడని వరప్రసాదము నొసగునది సంస్కారమని వారి నిర్వచనము. ఆ నిర్వచనమును న్యాయశాస్త్రపు మాటలలో పెట్టిన వాని బుద్ధికుశలత మెచ్చదగినది. పొగను చూచి నిప్పును ఊహించుట అనుమానప్రమాణము గదా! అటులే నీరు, నూనె, రొట్టె యను దృశ్యవస్తువులను బట్టి అదృశ్యమైన దైవద్రవ్యమును గ్రహించుట. కాని ‘అనుమానము’ తెలుగు వ్యవహారమున సందేహమునకు పేరు. నిస్సంశయముగ నమ్మవలసినదానికి సంశయవాచకమైన పేరు వచ్చినది! శాస్త్రమున ఒప్పైన పదము వీథిలో తప్పైనది. ఇటీవల దీనిని విడిచి ‘దివ్యసంస్కారములు’ అనుట మేలే. ‘పాపసంకీర్తనము’ కూడ నన్ను చాలకాలము తికమక పెట్టినది. అన్నమాచార్యుల నాడునుండి సంకీర్తనమన మనకు హరిగుణగానము. తన పాపములను గురువు చెవిలో చెప్పుకొనుటకు ఆ పేరేమి? ఉన్నదున్నట్లు పూర్తిగా పలుకుట యను మూలార్థమును పట్టుకొనినవాడే ఈ మాట చేసినాడు. పాపములను దాచక లెక్క తప్పక చెప్పవలయునను నియమమునకు అంతకంటె సరియగు మాట దొరకుట కష్టము.

అన్నింటిలో శ్రేష్ఠమైనది ‘సత్ప్రసాదము’. పూజయందు గురువు క్రీస్తు మాటలను ఉచ్చరించినప్పుడు రొట్టె, ద్రాక్షారసములు క్రీస్తు శరీరరక్తములగునని కతోలికుల విశ్వాసము. 1215లో లాతరాను సభ, 1551లో త్రెంతు సభ దీనిని ద్రవ్యాంతరపరిణామముగ వివరించినవి. రూపము, రుచి, వాసన మునుపటివే, లోని ద్రవ్యము మాత్రము మారినది. దీనికి గ్రీకున ‘యూకారిస్తియా’ యని పేరు. వాడుకలో కృతజ్ఞతాస్తుతి యని యర్థము. విడదీసినచో ‘యూ’ యనగా మంచి, ‘కారిస్’ అనగా అనుగ్రహము. సత్, ప్రసాదము! అవయవమునకు అవయవము సరిపోయినది. ఇది యాదృచ్ఛికమని నేను నమ్మజాలను. గ్రీకు తెలిసినవాడొకడు సంస్కృతమును కూడ రుచిచూచి చేసిన కూర్పు. ప్రసాదమనగా మన భాషలో అనుగ్రహము, దేవునికి నివేదించిన అన్నము, రెండును. సిద్ధాంతమునకు కావలసినవియు ఆ రెండే: తినునది, అనుగ్రహము. తెలుగు బిడ్డకు ప్రసాదమును నేలపాలు చేయరాదనియు, కన్నులకద్దుకొని తీసికొనవలయుననియు ఎవరును నేర్పనక్కరలేదు. అయితే గుడిలోని ప్రసాదము దేవునికి అర్పించి మిగిలినది. ఇది దేవుడే యని వారి విశ్వాసము. ఈ యంతరమును కాపాడు భారము ‘సత్’ అను ఒక్క ఉపసర్గవంటి మాటపై పడినది.

మాటలు చాలని చోటు లేకపోలేదు. ప్రాచీన రోమను క్రమమున జ్ఞానస్నానసమయమందు గురువు తన ఉమ్మిని శిశువు చెవులకు, ముక్కునకు తాకించెడివాడు. సువిశేషమున క్రీస్తు చెవిటివానిని స్వస్థపరచిన ఘట్టము దీనికి మూలము. మన దేశమున దీని పేరు ఎంగిలి. స్నానమను శుద్ధికర్మలో ఎంగిలిని తాకించుటకంటె విరుద్ధమేమున్నది? జెస్విటులు ఆ భాగమును విడిచిరి. 1704 జూన్ 23న పాపు ప్రతినిధిగా పుదుచ్చేరికి వచ్చిన తూర్నోను కార్డినలు ఒక శాసనమును చేసి, ఉమ్మి, ఉప్పు మున్నగువానిని విడువరాదని ఆజ్ఞాపించెను. నలువదియేండ్లు వాదములు జరిగిన పిమ్మట 1744లో 14వ బెనెడిక్టు పాపు స్థానికాచారములపై నిషేధములను స్థిరపరచెను. మిషనరీలు ఆ నిషేధములను పాటింతుమని ప్రమాణము చేయవలసియుండెను. ఆ ప్రమాణమును రోము 1940లో రద్దుచేసినది. గమనింపదగిన దేమనగా, ఆచారములకు ఇంత నిషేధము కలిగియు ‘పూజ’, ‘ప్రసాదము’, ‘గురువు’ అను మాటలు చెక్కుచెదరలేదు. చీనాయందు ఇందుకు భిన్నము. అచట దేవుని పేరే రోమునకు వివాదాంశమై, 1715లో రెండు పేర్లు నిషేధింపబడినవి.

1773లో రోము జెస్విటు సంఘమును రద్దుచేయగా తెలుగు కతోలికులకు గురువులు కరవైరి. విశాలమైన సీమకు వ్రేళ్లమీద లెక్కింపదగినవారే దిక్కు. పారిసు నగరపు మిషను వారు కొంత యాదుకొనిరి. 19వ శతాబ్ది మధ్యమునుండి అన్నెసి, మిలాను, మిల్‌హిల్ సంఘములవారు వేర్వేరు సీమలకు వచ్చిరి. ఆ నడిమి కాలమున రాయలసీమనుండి గుంటూరు సీమకు తరలివచ్చిన రెడ్డి కుటుంబములలోను, ఇతరులలోను మతమును నిలిపినది ఉపదేశులు నేర్పిన జపములే.

ఆ తరువాత జరిగిన మార్పు నాకు పరిభాషాచరిత్రయంతటిలోను గంభీరముగ తోచును. నోబిలి ఈ సంస్కృతపదముల నెన్నుకొన్నది బ్రాహ్మణాదులను దృష్టియందుంచుకొని. 19వ శతాబ్ది ఉత్తరార్ధమునుండి తెలుగునాట ఈ మతమున పెద్దయెత్తున చేరినవారు మాల, మాదిగలు. వేదమను మాట చెవినిబడుటకే అనర్హులని లోకము వెలివేసినవారు తమ మతమును ‘వేదము’ అనిరి, దానికై ప్రాణమిచ్చినవారిని ‘వేదసాక్షులు’ అనిరి. గుడి గడప తొక్కనీయబడనివారు పూజలో పాల్గొని ప్రసాదమును పుచ్చుకొనిరి. ఒక వర్గమును మెప్పించుటకు కూర్చిన మాటలు మరియొక వర్గమునకు దక్కినవి. దేవాలయములలోపల కులభేదము చాలకాలము పాటింపబడెననుట నిజమే. వేరు వరుసలు, వేరు శ్మశానములు ఉండెడివి. మాటలు సమానముగ పంచబడినట్లు మర్యాదలు పంచబడలేదు.

వ్యక్తినామములను గూర్చి కొంత చెప్పక తప్పదు. పేతురునకు ‘రాయప్ప’ యని పేరు. పేత్రోసు అనగా గ్రీకున శిల. తమిళమున శిలకు కల్లు, పారై అను మాటలుండగా వారును ‘రాయప్పర్’ అనుట వింత. ‘రాయి’ మన మాట. అన్ని పదములును తమిళమునుండి తెలుగునకు రాగా ఇది యొక్కటి యెదురు నడచినట్లున్నది. పౌలునకు ‘చిన్నప్ప’, లాటినున పౌలుస్ అనగా చిన్నవాడు. ఈ రెండును అర్థానువాదములు. ఇన్నయ్య (ఇగ్నేషియసు), సూసయ్య (యోసేపు) ధ్వనిననుసరించినవి. జేవియరు ‘శౌరి’, ‘శౌరయ్య’ యైనాడు. శౌరి కృష్ణనామమని తెలిసిన పండితుడు ఆ పిలుపు విని తలత్రిప్పి చూచును. దైనిచి పేరుతో దెబ్బతిన్న జేవియరుకే ఈ పేరు వచ్చుట చరిత్ర ఆడిన పరిహాసము.

కావ్యములు రెండు మాత్రము పేర్కొందును. పింగళి ఎల్లనార్యుని తోభ్యచరిత్రమునకు సర్వేశ్వరమాహాత్మ్యమని నామాంతరము. కాలనిర్ణయమున పండితులకు భేదాభిప్రాయము లున్నవి. తోబీతు కథ కతోలికులకు ప్రమాణగ్రంథము, ప్రొటెస్టెంటులకు కాదు. కావ్యము కతోలిక సంప్రదాయమునకు చెందినదనుటకు ఇతివృత్తమే చాలును. 18వ శతాబ్దివాడైన మంగళగిరి ఆనందకవి వేదాంతరసాయనము క్రీస్తు చరిత్రము. ఉపదేశి నోటి తమిళపు యాస పోయి, పరిభాష తెలుగు ఛందస్సులో నొదిగినది ఇట్టి కావ్యములయందే.

1963 డిసెంబరు 4న రెండవ వాతికాను సభ ఆరాధనాక్రమమున దేశభాషలకు చోటిచ్చినది. అంతవరకు పూజ లాటినున జరుగుచుండగా తెలుగు జపములకు, ఉపదేశమునకు, పాటలకు పరిమితమై యుండెను. పూజయంతయు తెలుగున జరుగుట ఆరంభమైన పిమ్మట పాతమాటలను సరిచూచుకొనవలసి వచ్చినది. తమిళమునుండి వచ్చిన ‘అర్చ్యశిష్టులు’ మరుగుపడి ‘పునీతులు’ వచ్చిరి. ఇది సిద్ధాంతరీత్యా అవసరమే. 787లో రెండవ నికేయా సభ ఆరాధన దేవునికే, పుణ్యపురుషులకు గౌరవమే యని విభజించియుండగా, అర్చ్యులనుట ఆ గీతను చెరిపినట్లు. పునీతుడనగా శుద్ధి పొందినవాడు, వివాదమునకు తావులేదు. ‘అవస్థాభ్యంగనము’ పేరు మారుటకు హేతువు వేరు. తమిళమున అవస్థ యనగా మరణయాతన. ఆ పేరుచేత గురువును పిలుచుట యనగా రోగిపై ఆశ వదలుకొనుట యని గ్రామములలో భయము. అందుచే తెలివి తప్పువరకు పిలిచెడివారు కారు. 1972లో రోము ఆ సంస్కారమును మరణాసన్నులకే కాక రోగులందరికిని ఉద్దేశించిన దానిగా సవరింపగా ‘వ్యాధిగ్రస్తుల అభ్యంగనము’ అను పేరు వచ్చినది. విభూతి బుధవారము, మట్టల ఆదివారము, తపస్కాలము, జపమాల మారలేదు. వానితో చిక్కేమియు లేదు.

పాత జపపుస్తకములు ఇండ్లలో చెదలు పట్టిపోవుచున్నవి. అచ్చైన సంవత్సరమును బట్టి వానిని వరుసగా పేర్చి, ‘చావైన పాపము’ ఏ ముద్రణమునుండి తప్పినది, ‘దేవద్రవ్యానుమానములు’ ఎప్పుడు ‘సంస్కారములు’ అయినవి, ‘తిరుసభ’ పక్కన ‘శ్రీసభ’ మొదట ఎచట కానవచ్చినది యను మూడు విషయములను తేల్చినచో, ఉపదేశి తెలుగు పండితుని తెలుగుగా మారిన కాలము తెలియును. ఈ పనికి తమిళ జపపుస్తకములను కూడ చేత పట్టుకొన్నవాడే అర్హుడు.